జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ లైజన్ సేవ: మొదటి రోజు నుంచి ఆరో నెల దాకా

జిల్లా ఆసుపత్రిలో కొత్తగా చేరిన సైకియాట్రిస్టులు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. "ఓపీ నడుస్తోంది, పది పడకల వార్డు కూడా ఇచ్చారు. కానీ మెడిసిన్ వాళ్ళు, ఆర్థో వాళ్ళు డిశ్చార్జ్ రోజున తప్ప మమ్మల్ని పిలవరు. ఏం చేయాలి?"

వాళ్ళకు మన విభాగమంటే చిన్నచూపు అని మనం అనుకుంటాం. నేను చూసినంతలో కారణాలు అంతకంటే మామూలువి. ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళకు తెలియదు. చేసినా ఎవరూ ఎత్తరు. ఎత్తి, వచ్చి, చూసి రాసిన నోటు రాత్రి డ్యూటీ డాక్టరుకు అర్థం కాదు. ఈ మూడూ సరిచేస్తే ముప్పావు వంతు పని అయినట్టే.

వేరే వార్డుల్లో చేరిన రోగుల్ని సైకియాట్రీ వాళ్ళే అక్కడికి వెళ్ళి చూసే ఏర్పాటునే లైజన్ సేవ అంటున్నాను. 200 నుంచి 500 పడకల ప్రభుత్వ ఆసుపత్రిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ప్రైవేటు ఆసుపత్రిలో సంతకాలు పెట్టేవాళ్ళు మారతారు, దారి మాత్రం ఇదే.

## 1. ముందు రెండు వారాలు తిరిగి లెక్క తీయండి

సర్క్యులర్లు, బోర్డులు, ప్రారంభోత్సవాలు ఇప్పుడే వద్దు. రోజూ పొద్దున ఓపీ మొదలయ్యే ముందు ఒక గంట వార్డుల్లో తిరగండి. తోడుగా ఒక సిస్టర్‌ను తీసుకెళ్ళండి. నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి ఇవి:

- క్యాజువాలిటీ ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టరులో గత మూడు నెలల్లో పురుగుల మందు, ఎలకల మందు, గడ్డిమందు, హెయిర్ డై, మాత్రలు, ఉరి కేసులు ఎన్ని
- వాటిలో సైకియాట్రీ వాళ్ళు చూసినవి ఎన్ని, చూడకుండానే ఇంటికి వెళ్ళినవి ఎన్ని, లామా మీద (డాక్టర్లు వద్దన్నా) వెళ్ళినవి ఎన్ని
- ఈ రోజు ఏ వార్డులో ఎవరి చేతులు మంచానికి కట్టి ఉన్నాయి, ఎందుకు కట్టారు
- ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ అన్నీ మామూలుగా వచ్చినా రెండోసారి, మూడోసారి చేరిన వాళ్ళు ఎంతమంది
- కేస్ షీట్‌లో "సైకియాట్రీ ఒపీనియన్" అని రాసిన గంటకూ, మనం చూసిన గంటకూ మధ్య ఎంత తేడా

చివరిది రాసుకునేటప్పుడు సిగ్గుపడాల్సి రావచ్చు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కాల్ (వచ్చి రోగిని చూడమనే అభ్యర్థన) రాసిన కాగితం ఓపీ టేబుల్ మీద రెండు రోజులు పడి ఉండేది. దాన్ని తెచ్చే వార్డ్ బాయ్‌కి ఎవరి చేతికి ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు.

## 2. రెండు చోట్లతోనే మొదలుపెట్టండి

ఆసుపత్రి మొత్తానికీ ఒకేసారి సేవ ప్రకటించి, మూడో వారానికే చేతులెత్తేసిన వాళ్ళను చూశాను. మొదటి మూడు నెలలకు రెండు చోట్లు చాలు.

మొదటిది క్యాజువాలిటీ, దాని వెనకే ఉండే అక్యూట్ మెడికల్ వార్డు. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ళు వచ్చేది అక్కడికే.

రెండోది ఆర్థో వార్డు. ఇది వింటే కొందరు ఆశ్చర్యపోతారు. బైక్ మీద నుంచి పడి కాలు విరిగి చేరినవాళ్ళలో రోజూ తాగేవాళ్ళు తక్కువేం ఉండరు. చేరిన మూడో రోజుకు ఆ వార్డులో గోల మొదలవుతుంది. అక్కడ రెండు కేసులు చక్కగా నిలబెడితే, సర్జన్లే మీ సేవకు ప్రచారకర్తలవుతారు.

ప్రసూతి, డయాలసిస్, టీబీ, క్యాన్సర్ విభాగాలు నాలుగో నెల నుంచి చేర్చుకోవచ్చు.

## 3. మనుషులు: ఒక ఫోను, ఒక సిస్టర్, సగం పూట డాక్టరు

కనీసం కావలసింది ఇంతే:

- రోజుకు రెండు గంటలు వార్డులకు కేటాయించగల సైకియాట్రిస్టు ఒకరు
- లైజన్ పని తప్ప వేరే డ్యూటీ లేని స్టాఫ్ నర్సు ఒకరు
- జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మీ జిల్లాలో ఉన్న సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ, వారానికి రెండు మూడు పూటలు
- డ్యూటీలో ఉన్నవాళ్ళ చేతులు మారుతూ ఉండే ఒక మొబైల్. వ్యక్తిగత నంబరు ఇవ్వకండి, మీరు సెలవు పెట్టిన రోజున సేవ ఆగిపోతుంది

ఈ ముగ్గురిలో ఎవరిని వదులుకోవచ్చని అడిగితే, నర్సును మాత్రం వదలొద్దంటాను. డాక్టరు వచ్చి వెళ్ళిపోతారు. నిన్న మాట్లాడని రోగి ఈ రోజు అన్నం తిన్నాడా, అత్తగారు వచ్చి వెళ్ళాక కోడలు ఎలా ఉంది, రాత్రి ఇంజెక్షన్ నిజంగా ఇచ్చారా, ఇవన్నీ సిస్టర్‌కే తెలుస్తాయి. వార్డు సిస్టర్లు కూడా తోటి సిస్టర్‌తో చెప్పినంత తేలిగ్గా డాక్టరుతో చెప్పరు.

రాత్రిపూట సైకియాట్రిస్టు ఆసుపత్రిలో ఉండే వీలు చాలా జిల్లాల్లో లేదు. క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరు చేతిలో ఒక పేజీ సూచనలు, పక్కనే ఫోన్ నంబరు ఉంటే మొదటి ఏడాది గడుస్తుంది. వైద్య కళాశాల ఆసుపత్రి అయితే పీజీలను వంతులవారీగా పెట్టండి.

## 4. సూపరింటెండెంట్‌తో ఒక పేజీ సర్క్యులర్

నోటిమాటగా "సరే, చేసుకోండి" అంటే చాలదు. రాసి, సంతకం పెట్టించుకోండి. అందులో ఉండాల్సినవి:

- ఏ వార్డులకు, ఏ వేళల్లో, ఏ నంబరుకు
- ఎంతసేపట్లో వస్తారు
- విషం, ఉరి, కోసుకోవడం వంటి కేసుల్లో సైకియాట్రీ వాళ్ళు చూడకుండా డిశ్చార్జ్ చేయకూడదన్న వాక్యం
- మందులు రాసేది ఎవరు, రోగి ఏ యూనిట్ కింద ఉంటారు. చేర్చుకున్న యూనిటే రోగికి బాధ్యురాలు, మనం సలహాదారులం

బ్రిటన్‌లో లైజన్ సేవలు ఎమర్జెన్సీకి 1 గంటలో, వార్డుకు 24 గంటల్లో వెళ్ళాలని పెట్టుకుంటాయి. మన దగ్గర పగటిపూట క్యాజువాలిటీకి గంట, వార్డుకు అదే రోజు సాయంత్రంలోపు అనుకుంటే నిలబెట్టుకోగలం. నిలబెట్టుకోలేని గడువు రాయకండి. రెండుసార్లు మాట తప్పితే మూడోసారి ఫోన్ రాదు.

మీ సైకియాట్రీ వార్డు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదైందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జనరల్ ఆసుపత్రుల్లోని సైకియాట్రీ పడకలనూ లెక్కలోకి తీసుకుంటుంది.

## 5. కాల్ రాయడం నేర్పించండి

"కైండ్లీ సీ అండ్ డూ ద నీడ్‌ఫుల్" అని వచ్చే కాల్‌తో ఏమీ తెలియదు. మూడు ప్రశ్నలున్న చిన్న స్లిప్ అచ్చు వేయించి వార్డుల్లో పెట్టండి: ఏం జరిగింది? మీకు మా నుంచి ఏం కావాలి? ఎంత తొందర?

"45 ఏళ్ళు, తొడ ఎముక విరిగింది, రెండో రాత్రి నుంచి ఏదేదో మాట్లాడుతున్నాడు, రేపు ఆపరేషన్ పెట్టుకున్నాం, చేయవచ్చా" అని రాస్తే మనం పరుగున వెళ్ళగలం.

రోగికి ముందే చెప్పడం ఇంకా ముఖ్యం. చెప్పకుండా మనం మంచం దగ్గర నిలబడితే "నాకేమైనా పిచ్చా?" అన్న ప్రశ్నతోనే సంభాషణ మొదలవుతుంది. సిస్టర్లకు ఈ మాట నేర్పండి: "నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉందన్నారు కదమ్మా, దాని గురించి మాట్లాడే డాక్టరుగారు సాయంత్రం వస్తారు."

## 6. మంచం దగ్గర: ఈ వరుసలో

1. కేస్ షీట్ మొదటి పేజీ నుంచి చదవండి. సోడియం, షుగర్, క్రియాటినిన్, లివర్ రిపోర్టులు, సీటీ.
2. మందుల చార్టు చూడండి. స్టెరాయిడ్ డోసు పెరిగిందా? ప్రెడ్నిసలోన్ రోజుకు 40 మి.గ్రా. దాటిన కొద్దీ మనసు చెదిరే అవకాశం పెరుగుతుంది. టీబీ రోగి అయితే ఐసోనియజిడ్, సైక్లోసెరిన్ ఉన్నాయా? ట్రామడాల్, లినెజోలిడ్ నడుస్తుంటే మీ యాంటీడిప్రెసెంట్ వాటితో పడదు.
3. సిస్టర్‌ను అడగండి: "రాత్రి ఎలా ఉన్నాడమ్మా?" పగలు ప్రశాంతంగా పడుకుని రాత్రి సెలైన్ పీకేసిన మనిషి గురించి కేస్ షీట్‌లో ఏమీ ఉండదు.
4. అటెండెంట్లతో విడిగా మాట్లాడండి.
5. ఆ తర్వాతే రోగితో.

తెరలు లేని వార్డులో ఏకాంతం ఎక్కడిది? మనిషి నడవగలిగితే డ్రెస్సింగ్ రూముకో, సిస్టర్స్ రూముకో తీసుకెళ్ళండి. లేకపోతే కుర్చీ తలవైపు వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడండి. నిలబడి అడగొద్దు. పక్కన అత్తగారు ఉన్నంతసేపూ కోడలు "దగ్గు మందు అనుకుని పొరపాటున తాగాను" అనే చెబుతుంది. "ఒక్క పది నిమిషాలు టీ తాగి రండమ్మా" అని పంపాక అసలు కథ వస్తుంది.

చావు గురించి నేరుగానే అడగండి, మెట్టు మెట్టుగా: బతకడం దండగ అనిపించిందా? నిద్రలోనే పోతే బాగుండు అనిపించిందా? తాగేటప్పుడు చనిపోతాననే అనుకున్నారా? ఇప్పుడు బతికినందుకు ఎలా ఉంది? అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందనే భయం అక్కర్లేదు.

"ఒళ్ళంతా మంటలు", "గుండె దడ", "నరాల బలహీనత", "గ్యాస్ పైకి తన్నుతోంది". దిగులును మనవాళ్ళు చెప్పుకునే మాటలు తరచూ ఇవే. "మీకేం లేదు, అంతా మనసులోనే" అనొద్దు. నొప్పి నిజమేనని ముందు ఒప్పుకుని, అది ఏ రోజుల్లో ఎక్కువవుతుందో అడగండి.

## 7. నోటు: రాత్రి 2 గంటలకు చదివే మనిషి కోసం రాయండి

వివరమైన చరిత్ర మీ ఫైల్లో ఉంచుకోండి. కేస్ షీట్‌లో అరపేజీ మించొద్దు:

- మేమేం అనుకుంటున్నాం, ఒక వాక్యం
- ఇప్పుడు ఏం ఇవ్వాలి: మందు పేరు, డోసు, వేళ, ఎన్ని రోజులు
- రాత్రి గొడవ చేస్తే ఏం ఇవ్వాలి, ఎంత మించకూడదు
- ఎవరు కనిపెట్టి ఉండాలి, ఎంత దగ్గరగా
- ఏమైతే మాకు ఫోన్ చేయాలి
- మళ్ళీ ఎప్పుడు చూస్తాం

రాశాక వెళ్ళి డ్యూటీ డాక్టరుకూ సిస్టర్‌కూ నోటితో చెప్పండి. కుటుంబ రహస్యాలు కేస్ షీట్‌లోకి ఎక్కించకండి. అది పది చేతులు మారుతుంది.

## 8. ముందే రాసి పెట్టుకోవాల్సిన మూడు దారులు

### 8.1 విషం తాగి వచ్చినవాళ్ళు

ఇక్కడ మనకు టాక్సికాలజీ తెలియకపోతే హాని చేస్తాం.

పురుగుల మందు, అంటే ఆర్గానోఫాస్ఫేట్ తాగిన మనిషి రెండో రోజు గాల్లో దారాలు ఏరుతున్నట్టు చేతులాడిస్తుంటే, హాలోపెరిడాల్ (మతిభ్రమకు మనం వాడే మందు) రాసే ముందు కనుపాపలు, చర్మం, జ్వరం, నాడి చూడండి. కళ్ళు విప్పారి, ఒళ్ళు పొడిబారి, వేడెక్కి, గుండె పరుగెడుతుంటే అది విరుగుడుగా ఇచ్చిన అట్రోపిన్ ఎక్కువైన గందరగోళం. తగ్గించాల్సింది అట్రోపిన్. అలాగే 1 నుంచి 4 రోజుల మధ్య తల దిండు మీద నుంచి ఎత్తలేకపోతున్నాడంటే దిగులు అనుకోకండి. మెడ, శ్వాస కండరాలు సడలుతున్నాయేమో చూడమని మెడిసిన్ వాళ్ళకు వెంటనే చెప్పండి. అప్పుడు నిద్రమందు ఇవ్వడం ప్రమాదం.

ఎలకల మందు పేస్టులో పసుపు భాస్వరం ఉంటే, మొదటి రోజు వాంతులు తగ్గాక రెండు రోజులు మనిషి బాగానే కనిపిస్తాడు. ఆ తర్వాత లివర్ దెబ్బతింటుంది. "కౌన్సెలింగ్ అయింది, ఇంటికి పంపొచ్చు" అని రెండో రోజే రాసి, అయిదో రోజు పచ్చబడ్డ కళ్ళతో వెనక్కి వచ్చిన మనిషిని చూశాక, లివర్ రిపోర్టు చూడకుండా నేను ఆ వాక్యం రాయడం మానేశాను.

గడ్డిమందు, అంటే పారాక్వాట్ కేసులు అన్నిటికంటే కష్టం. విరుగుడు లేదు. మనిషి స్పృహలోనే ఉంటాడు, చక్కగా మాట్లాడతాడు, బతకాలని ఉందంటాడు. కిడ్నీలు, ఊపిరితిత్తులు రోజుల్లో దెబ్బతింటాయి. "ఏం కాదు, తగ్గిపోతుంది" అనే మాట నోటి నుంచి రానివ్వకండి. కుటుంబాన్ని కూర్చోబెట్టి నిజం చెప్పడం, పిల్లల్ని చూపించడం, ఒకరినొకరు నిందించుకోకుండా ఆపడం ఇక్కడ మన పని.

హెయిర్ డై తాగి గొంతు వాచి ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతుకు రంధ్రం) అయినవాళ్ళు మాట్లాడలేరు. పలకో, ఫోనులో టైపింగో వాడండి.

ప్రాణాపాయం తప్పాక చేయాల్సినవి:

- మంచం సిస్టర్ టేబుల్‌కు దగ్గరగా, కిటికీకి దూరంగా; బాత్రూమ్ గడియ బయటి నుంచి తీయగలిగేలా
- పక్కన ఎప్పుడూ ఒక అటెండెంట్. ఆ అటెండెంట్ గొడవపడ్డ మనిషే కాకూడదు
- ఎంఎల్‌సీ అంటే శిక్ష కాదని రోగికీ ఇంటివాళ్ళకూ చెప్పడం
- ఇంట్లో మిగిలిన మందు డబ్బా ఎక్కడుందో అడిగి, డిశ్చార్జ్‌కి ముందే తీయించడం. పొలానికి మందు కావాలంటే తాళం వేసి, తాళంచెవి వేరే మనిషి దగ్గర
- 14416 నంబరు కాగితం మీద రాసివ్వడం. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, తెలుగులో మాట్లాడవచ్చు

తర్వాత ఫోన్ చేయడం మరవొద్దు. చెన్నై కూడా పాలుపంచుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో, ఆసుపత్రిలో ఒక గంట మాట్లాడి తర్వాత తొమ్మిదిసార్లు పలకరించారు: 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపై 4, 6, 12, 18 నెలలకు. క్యాలెండరులో అవే తేదీలు రాసుకుని సిస్టర్ చేత చేయించండి. "అన్నం తింటున్నారా, నిద్ర ఎలా ఉంది, మాత్రలు అయిపోయాయా" అని అడిగినా చాలు.

### 8.2 తాగుడు మానేసిన మూడో రోజు

చివరిసారి తాగినప్పటి నుంచి గంటలు లెక్కపెట్టండి. 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు. మూర్ఛలు ఎక్కువగా 48 గంటల లోపు. పురుగులు కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం 48 నుంచి 96 గంటల మధ్య. అందుకే ఆర్థో వార్డులో చేరిన రోజే రెండు ప్రశ్నలు అడగాలి.

"మందు తాగుతాడా?" "కల్లు తాగుతాడా?" వేర్వేరుగా అడగండి. "మా ఆయన మందు ముట్టడు" అన్న భార్య అబద్ధం చెప్పడం లేదు; కల్లు ఆమె లెక్కలో మందు కాదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్ళకు అది ఆగితే మూర్ఛలు, మతిభ్రమ అంతే తీవ్రంగా వస్తాయి.

వార్డు గోడకు అంటించాల్సిన సూచన:

- థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ సెలైన్ తర్వాత
- లివర్ బాగుంటే క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ డైజెపామ్ గానీ. లివర్ చెడితే, వయసు మళ్ళితే లోరాజెపామ్
- హాలోపెరిడాల్ ఒక్కటే ఇవ్వొద్దు. మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది
- తలకు దెబ్బ తగిలి ఉంటే, సీటీ చూడకుండా "మందు మానేసినందుకే" అని తేల్చొద్దు

### 8.3 పెద్దవాళ్ళలో హఠాత్తుగా వచ్చే మతిభ్రమ

గోల చేసే రోగిని అందరూ చూస్తారు. గోడవైపు తిరిగి, పలకరిస్తే మూలిగి, అన్నం వద్దనే ముసలావిడకు "డిప్రెషన్" అని కాల్ వస్తుంది. వాళ్ళలో చాలామందికి ఉన్నది డెలీరియం, అంటే హఠాత్తుగా వచ్చే ఈ మతిభ్రమే. నిన్నటికీ ఈ రోజుకూ తేడా ఉందా అని కొడుకునో కోడలినో అడగండి.

4ఏటీ అనే పరీక్ష రెండు నిమిషాల్లో అవుతుంది. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డెలీరియం అనుకోవాలి. అందులో పుట్టిన తేదీ అడుగుతారు, నెలల్ని వెనక్కి చెప్పమంటారు. బడికి వెళ్ళని పెద్దలకు ఆ రెండూ కుదరవు. నేను ఆదివారం నుంచి వారాలు వెనక్కి చెప్పమంటాను. అప్పుడు స్కోరును అచ్చంగా నమ్మలేం గానీ, దృష్టి నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది.

మందు కంటే ముందు: ఇన్ఫెక్షన్, సోడియం, మూత్రం ఆగడం, మలబద్ధకం, నొప్పి వెతకండి. కళ్ళజోడు, వినికిడి యంత్రం పెట్టించండి. తెలిసిన మనిషి పక్కన ఉండాలి. తప్పనిసరైతే ఈసీజీ చూసి హాలోపెరిడాల్ 0.5 మి.గ్రా. నుంచి మొదలుపెట్టండి.

## 9. చట్టం, వార్డుకు అవసరమైనంత

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 అమల్లోకి వచ్చింది 2018 మే 29న. సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షన్ లేదు.

సెక్షన్ 94 కింద ప్రాణాపాయం, తీవ్ర హాని తప్పించడానికి ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స ఇవ్వవచ్చు. నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిర్ణయించే మనిషి) అందుబాటులో ఉంటే వాళ్ళ సమ్మతి కావాలి. కరెంట్ చికిత్స దీని కింద కుదరదు.

కట్టేయడం గురించి సెక్షన్ 97: వేరే దారి లేనప్పుడే, అవసరమైనంతసేపే, కారణం రాసి. సిబ్బంది చాలక కట్టామనే జవాబు చెల్లదని సైకియాట్రీ పడకల విషయంలో చట్టం స్పష్టంగానే అంటుంది. మిగతా వార్డులకూ అదే పద్ధతి నేర్పండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

వచ్చిన ప్రతి కాల్‌నూ మన వార్డుకు మార్చుకోవడం. సెలైన్ మీద ఉన్న, కాలు ట్రాక్షన్‌లో ఉన్న రోగికి మన వార్డులో ఏ సదుపాయమూ ఉండదు. మనమే అక్కడికి వెళ్ళాలి. ఎర్రగడ్డకో, విశాఖ మానసిక ఆసుపత్రికో పంపడం కూడా శరీరం కుదుటపడ్డాకే.

"శరీరంలో ఏమీ లేదు, మీరు తీసుకోండి" అంటే సరేననడం. ఏ పరీక్షలు చేశారో చూసి, కావలసినవి అడిగి, అప్పుడు ఒప్పుకోండి.

పీహెచ్‌క్యూ-9 (దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) అంకెతోనే తీర్పు చెప్పడం. జబ్బుతో మంచాన పడ్డవాళ్ళకు నిద్ర, ఆకలి, నీరసం ప్రశ్నల్లోనే మార్కులు పడిపోతాయి. ఆసక్తి, నిరాశ, చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్న జాగ్రత్తగా చూడండి.

ఒక్కసారి చూసి వదిలేయడం. డెలీరియం రోగిని రోజూ, విషం కేసును డిశ్చార్జ్ దాకా చూడాలి.

హౌస్ సర్జన్లకు గంట లెక్చర్ ఇవ్వడం. ఎవరూ వినరు. డ్యూటీ మారే వేళ, సిస్టర్ టేబుల్ దగ్గరే, ఆ వార్డులో ఈ వారం జరిగిన ఒక్క కేసు మీద పదిహేను నిమిషాలు మాట్లాడండి.

## 11. నెలనెలా ఐదు అంకెలు

- వచ్చిన కాల్స్, వార్డులవారీగా
- గడువు లోపల చూసినవి
- ఆత్మహత్యాయత్నం కేసుల్లో చూడకుండా వెళ్ళిపోయినవి
- కట్టేసిన రోగులు, ఎన్ని గంటలు
- డిశ్చార్జ్ తర్వాత మొదటి వారం ఫోన్‌కు దొరికినవాళ్ళు

రిజిస్టరు సిస్టర్ దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ అక్కర్లేదు. మూడో అంకె తగ్గుతూ రావాలి. మొదటి అంకె రెండో, మూడో నెలలో ఒక్కసారిగా పెరుగుతుంది, కంగారు పడకండి. ఫోన్ ఎత్తుతున్నారని వార్డులకు తెలిసిందన్నమాట. ఆరో నెల చివర ఈ అంకెల్ని, మొదటి రెండు వారాల్లో తీసిన లెక్కల్ని ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. రెండో నర్సును అడగాల్సింది కూడా ఆ కాగితం మీదే, చివరి లైనులో.